మొక్కు యాట పడే బాధ గురించి మతాలు ఏమంటున్నాయి?

ప్రశ్న: జనగామ గృహిణి

ఏటా పోచమ్మ బోనాలకు ఇంటి మొక్కుగా యాటను ఇవ్వడం మా అత్తగారి కాలానికి ముందు నుంచే మాకున్న ఆచారం. నిరుడు పండుగనాడు యాటను పొద్దున్నే గుడి దగ్గరి వేపచెట్టుకు కట్టేశారు. మధ్యాహ్నం దాకా దానికి ఎవరూ నీళ్లు పెట్టలేదు. అంతకుముందు వచ్చిన వాళ్ల యాటలను దాని కళ్ల ముందే కోశారు. పద్నాలుగేళ్ల మా అమ్మాయి అదంతా చూసి ఆనాటి నుంచి మాంసం ముట్టడం లేదు. "తినడం తప్పని నేను అనడం లేదమ్మా, కానీ అది అంతసేపు ఎందుకు భయపడాలి?" అని తను అడిగితే జవాబు చెప్పలేకపోయాను. తినాలా వద్దా అన్న వాదం చాలా విన్నాను. చంపే ముందు ఆ ప్రాణి పడే బాధ గురించి మన శాస్త్రాలు గానీ ఇతర మతాలు గానీ ఏమైనా చెప్పాయా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: కర్నూలు పాతబస్తీ

అమ్మా, మీ అమ్మాయి అడిగినది మా మతంలో సూటిగా చర్చించిన విషయమే. ప్రతి పనినీ ఉత్తమంగా చేయడాన్ని అల్లాహ్ విధించాడనీ, కనుక జబహ్ చేసేవారు, అంటే మత పద్ధతిలో జంతువును కోసేవారు, కత్తికి బాగా పదును పెట్టుకొని ఆ జంతువుకు బాధ తగ్గించాలనీ ప్రవక్త చెప్పిన హదీసు సహీహ్ ముస్లిం అనే హదీసుల గ్రంథంలో ఉంది. గొర్రెను పడుకోబెట్టి దాని ఎదుటే కత్తి నూరుతున్న వ్యక్తిని, దాన్ని రెండుసార్లు చంపదలచావా అని ఆయన మందలించినట్లు మరొక హదీసు చెబుతుంది. అందుకే మా నాన్నగారు బక్రీదునాడు ముందుగా మేకకు నీళ్లు తాగించేవారు, తక్కిన మేకలను గోడకు అవతల కట్టించేవారు. బిస్మిల్లా అంటే చాలు, హలాల్ అయిపోయినట్లే అనుకునేవారు మాలోనూ ఉన్నారు. లారీలో కుక్కి తెచ్చినప్పుడు కాళ్లు విరిగిన మేక మీద ఆ పేరు పలికినంత మాత్రాన మన బాధ్యత తీరదని నా గట్టి నమ్మకం.

జవాబు: విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు

మనుస్మృతి అయిదవ అధ్యాయంలో మూడు మాటలూ ఉన్నాయి: మాంసం తినడంలో దోషం లేదు గానీ మానుకుంటే మహాఫలమన్నదీ, యజ్ఞంలో చేసిన వధ వధ కాదన్నదీ, అనుమతించినవాడు, కోసినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు అందరూ ఘాతకులేనన్నదీ. మొక్కు అనగానే మన పెద్దలు రెండవదాన్నే చెబుతారు. అయితే ఆ శ్లోకం వధ గురించే మాట్లాడింది. దాహంతో నిలబెట్టడానికి అది అనుమతి అని నేను చదువుకోలేదు.

చట్టం సంగతి కూడా ఇలాగే ఉంది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోని 28వ సెక్షన్, మతం కోరిన పద్ధతిలో చంపడాన్ని నేరం కాదంటుంది. కానీ జంతువుకు తగినంత మేత, నీరు ఇవ్వని యజమాని అదే చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరస్థుడే. ఒక జంతువును మరొక జంతువు చూస్తుండగా కోయరాదని 2001 నాటి కబేళాల నియమాలు చెబుతున్నాయి. ఆలయ ఆవరణలో బలిని 1950 నాటి జంతు, పక్షి బలుల నిషేధ చట్టం అసలే ఒప్పుకోదన్నది కూడా మీరు గమనించాలి.

జవాబు: శాసనాల అభిమాని

వీలైతే అమ్మాయిని కర్నూలు జిల్లా ఎర్రగుడికి తీసుకువెళ్లండి. రాజుగారి వంటశాలలో ఒకప్పుడు రోజూ లక్షల ప్రాణులు చచ్చేవనీ, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేననీ, జింక కూడా ప్రతిరోజూ కాదనీ, ఇకమీదట ఆ మూడింటినీ చంపబోమనీ చెప్పే అశోకుని శాసనం అక్కడి బండ మీద ఉంది. అంతా మానేశామని గొప్ప చెప్పుకోకుండా, ఇంకా మిగిలి ఉన్నదాన్ని కూడా లెక్కగట్టి రాయించిన తీరు నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇవన్నీ మా అత్తగారికి చదివి వినిపించాను. మొక్కు మానడానికి ఆమె ఒప్పుకోలేదు. అయితే తన పుట్టింట్లో యాటకు స్నానం చేయించి, కడుపునిండా మేపి, వంతు వచ్చేదాకా దొడ్లోనే ఉంచేవారని ఆమే గుర్తు చేసుకొంది. ఈ ఏడు గుడి దగ్గర కాకుండా మా దొడ్లోనే, మరో యాట కంటపడకుండా చేయాలని అనుకున్నాము. అమ్మాయి మాత్రం మాంసం తిననంటూనే ఉంది. ఆ రోజు దానికి నీళ్లు తానే పెడతానంటోంది.