ఫిషర్‌ఫీల్డ్ ఐదు కొండలు ఒక్క రోజులో అవుతాయా?

ప్రశ్న (ఎడిన్‌బరా): అందరికీ నమస్కారం. జూన్ మొదట్లో నేనూ మా ఫ్రెండూ స్కాట్లండ్ ఫిషర్‌ఫీల్డ్‌లోని ఐదు మన్రోలూ (3000 అడుగులకు తగ్గని కొండలు) ఒకే రోజులో చుట్టేద్దామనుకుంటున్నాం. బెన్ నెవిస్ ఎక్కాం, గ్లెన్‌కోలో కొన్ని కొండలూ ఎక్కాం. ఇక్కడ ఏదీ బెన్ నెవిస్ అంత ఎత్తు లేదు కదా. తెల్లారకముందే కారులో బయల్దేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చా? టెంట్ మొయ్యాలా?

జవాబు (ఇన్వర్నెస్): రాత్రికి ఇల్లు చేరడం మాట మర్చిపో తమ్ముడూ. డన్‌డొనెల్ పక్కన కోరీ హాలీ దాకా డ్రైవింగే నాలుగు గంటల పైన. కారు అక్కడ వదిలేసి షెనవాల్ బాథీకి (నడిచేవాళ్ళు రాత్రి తలదాచుకునే కొండ గుడిసె) ఇంకో రెండు గంటలు నడవాలి. అసలు కొండలు మొదలయ్యేది ఆ తర్వాతే. ముందురోజు సాయంత్రానికి షెనవాల్ చేరి పడుకోండి, మర్నాడు రాత్రి కూడా అక్కడే ఉండండి. బాథీకి అద్దె లేదు, బుకింగ్ లేదు, టాయిలెట్ కూడా లేదు. జూన్‌లో నిండిపోవచ్చు, కాబట్టి టెంట్ తప్పదు. అయితే దాన్ని కొండమీదికి మొయ్యక్కర్లేదు.

ఇక ఎత్తు సంగతి. బెన్ నెవిస్ 1345 మీటర్లు, నిజమే. కానీ ఒకసారి ఎక్కి దిగితే అయిపోతుంది, కింది నుంచి పైదాకా దారి ఉంటుంది. ఇక్కడ ఎక్కిందంతా దిగి మళ్ళీ ఎక్కాలి. షెనవాల్ నుంచి చుట్టి షెనవాల్‌కి వచ్చేసరికి 25 కిలోమీటర్లు దాటుతుంది. మొత్తం ఎక్కుడు 2000 మీటర్లు అనుకో. 1892లో నేస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన నడక లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: 5 కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ లెక్కన దాదాపు ఎనిమిదిన్నర గంటలు. కానీ ఆయన లెక్కలో బురద లేదు, రాళ్ళగుట్టలు లేవు, మీరు ఫొటోలకు ఆగడం లేదు. 12 గంటలు పెట్టుకోండి. తెల్లవారి ఐదుకల్లా కదలండి. జూన్‌లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది, అదే మీకున్న పెద్ద సాయం.

సవ్యదిశలో వెళ్ళడం మేలు: స్గూర్ బాన్, ములాఖ్, టార్సిన్, ఆ వేజన్, చివరికి రూఆ స్టాక్ మోర్. స్గూర్ బాన్ మీద తెల్లటి క్వార్ట్‌జైట్ రాళ్ళు, తడిస్తే జారతాయి. అక్కడ తొందరపడొద్దు.

ప్రశ్న అడిగినవారు: థాంక్స్ అన్నా. మధ్యలో ఓపిక అయిపోతే దిగిపోయే దారి ఉందా? పాత బ్లాగుల్లో ఆరు కొండలని ఉంది, ఐదా ఆరా?

జవాబు (ఇన్వర్నెస్): ముందు ఆరే. బెన్ అ ఖ్లైవ్‌ను మళ్ళీ కొలిస్తే 913.96 మీటర్లు వచ్చింది. మన్రో అనిపించుకోవాలంటే 3000 అడుగులు, అంటే 914.4 ఉండాలి. అర మీటరు కూడా కాని తేడాతో 2012లో జాబితా నుంచి పోయింది పాపం. వదిలేసినా ఎవరూ అడగరు.

దిగే దారి టార్సిన్ దాటాక ఉంది. అక్కడి కనుమ చాలా కిందికి దిగుతుంది, అంతా పీట్ బురద. కుడివైపు గ్లెన్ నా ముక్ లోయలోకి దిగితే షెనవాల్ వైపే వస్తారు. ఆ కనుమకు మధ్యాహ్నం రెండింటికల్లా రాకపోతే మిగతా రెండూ ఇంకోసారి. ఈ మాట బయల్దేరకముందే ఇద్దరూ అనుకోండి. పైన ఆ వేజన్ కనిపిస్తూ ఉంటే దిగిపోదామని నోరు రాదు.

ఇంకో జవాబు (గ్లాస్గో): అన్న నదుల మాట ఎత్తలేదు, నాకైతే అదే అన్నింటికన్నా ముఖ్యం. బాథీ ముందు స్రాత్ నా షెల్గా నదికి వంతెన లేదు. వెళ్ళేటప్పుడు దాటాలి. వచ్చేటప్పుడు గ్లెన్ నా ముక్ నదినీ, మళ్ళీ దీన్నీ దాటాలి. పొద్దున మోకాలి కింద ఉన్న నీళ్ళు, పగలంతా వాన కొడితే సాయంత్రానికి దాటలేనంత అవుతాయి. అప్పుడు మీ టెంటూ తిండీ అవతలి ఒడ్డున, మీరు ఇవతల. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్‌లో వాయవ్య హైలాండ్స్ సూచన చూడండి. పెద్ద వాన ఉందంటే ఇంకో వారానికి మార్చుకోండి. ఇరుకుగా ఉన్నచోట లోతు ఎక్కువ, వెడల్పుగా పారేచోట దాటండి. బూట్లు విప్పొద్దు, బ్యాగు నడుము పట్టీ మాత్రం విప్పండి. నీళ్ళు ఎక్కువుంటే ఇవతలే కూర్చోండి, వాన ఆగితే కొన్ని గంటల్లో తగ్గుతాయి. అందుకే ఒక పూట తిండి, వెచ్చటి జాకెట్, బివీ బ్యాగ్ (టెంట్ లేకుండా బయట పడుకునే సంచి) మీతోపాటే కొండమీదికి రావాలి.

ప్రశ్న అడిగినవారు: ఇది అసలు తట్టలేదక్కా. తిండికి పులిహోర సరిపోతుందా? మిడ్జ్‌లు (కుట్టే చిన్న దోమల్లాంటి పురుగులు) ఉంటాయా?

జవాబు (గ్లాస్గో): పులిహోర భేష్, చింతపండు వేసింది పెట్టుకోండి, నిమ్మకాయది కాదు. పల్లీలు దండిగా వెయ్యండి. నీళ్ళు వాగుల్లో దొరుకుతాయి, రెండు లీటర్లు మొయ్యక్కర్లేదు. మిడ్జ్‌లు జూన్ మొదట్లో అప్పుడే మొదలవుతుంటాయి. గాలి లేని సాయంత్రం బాథీ దగ్గర తినేస్తాయి, తలకు వల కొనుక్కోండి.

ల్యాండ్‌రేంజర్ 19 మ్యాప్, దిక్సూచి ఉండాలి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. ఎమర్జెన్సీ నంబర్ 999కి 'రిజిస్టర్' అని ఇప్పుడే మెసేజ్ పెట్టి నమోదు చేసుకోండి, కాల్ కలవనిచోట ఒక్కోసారి మెసేజ్ వెళ్తుంది. ఏ దారిన వెళ్తున్నారో, కారు ఎక్కడ పెట్టారో, ఎప్పటికి ఫోన్ చేస్తారో ఇంట్లో రాసిచ్చి వెళ్ళండి. ఆ టైముకు నది తగ్గడానికి పట్టే గంటలు కూడా కలిపి చెప్పండి.