అప్‌డేట్: విరిగిన బోల్టు బయటికొచ్చింది

పోయిన వారం అడిగిన గదా అన్నలూ, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిను పొగను బయటికి పంపే గొట్టం) విప్పుతుంటే 8 ఎంఎం బోల్టు తల తెగి, ముక్క ఇంజిను అల్యూమినియం హెడ్డులనే ఉండిపోయిందని. వచ్చేసింది!

ఈజీ-అవుట్ (విరిగిన బోల్టుల దింపి, తిప్పి బయటికి తీసే పనిముట్టు) వద్దన్న అన్నకు దండం. అది లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దిగదు, అంత గట్టి ఉక్కు. రెండు రాత్రులు తుప్పు వదిలే స్ప్రే కొట్టిన. ములుగు రోడ్డుల వెల్డింగ్ మేస్త్రి ముందు బ్యాటరీ వైర్లు తీయించి, ముక్క మీద నట్టు పెట్టి, దాని నడుమ నుంచి వెల్డింగ్ కొట్టిండు. మొదటి నట్టు ఊడింది. రెండోది పట్టింది. ఎర్రటి వేడి తగ్గినంక స్పానరుతోని కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు... కిర్రుమని కదిలినప్పుడు పానం లేచొచ్చింది.

హెడ్డు రంధ్రంల మరలు బాగనే ఉన్నయి, 1.25 పిచ్ ట్యాపు (మర మరకు 1.25 ఎంఎం దూరం ఉండే, మరలు కోసే పనిముట్టు) చేత్తోనే తిప్పి సాఫ్ చేసిన. కొత్త బోల్టులన్నీ టార్క్ రెంచితోనే (ఎంత బలంగ బిగిస్తున్నమో చూపే స్పానరు) బిగించిన. నిన్న హన్మకొండ నుంచి కాజీపేట దాకా పోయొచ్చిన, టపటప చప్పుడు లేదు.