పూలు ఎన్ని రాలాయి? ఎన్ని రాలాయో? చైనా పద్యంలో ఒక 'హౌ మెనీ'

వానకోయిల:
అందరికీ నమస్కారమండీ. నెల రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది. చివరి రెండు అక్షరాలే గుర్తున్నాయి. నేను చైనాలో, హుబేయ్ రాష్ట్రంలో మెడిసిన్ చదివాను. హాస్టల్లో మా పక్కగది అమ్మాయి వాన వెలిసిన పొద్దున కిటికీ తీసి ఒక చిన్న పద్యం చెప్పేది. చివర "దువో షావ్" అని వచ్చేది. అప్పుడే ఇంగ్లీషు నేర్చుకుంటోంది. "హౌ మెనీ ఫ్లవర్స్ ఫెల్?" అని తనే అర్థం చెప్పి, సరేనా అని అడిగేది. సరే అనేదాన్ని.

ఇప్పుడు కొంతమంది చైనా పిల్లలకు ఆన్‌లైన్లో ఇంగ్లీషు చెబుతున్నాను. మొన్న ఒకబ్బాయి, బహుశా ఇదే పాదాన్ని, "ఐ డోంట్ నో హౌ మెనీ ఫ్లవర్స్ డిడ్ ఫాల్" అని రాశాడు. 'డిడ్' కొట్టేశాను. "ప్రశ్నే కదా, ఎందుకు కొట్టేశారు?" అన్నాడు. జవాబు సరిగా చెప్పలేకపోయాను. పద్యం ఏది? అందులో ఉన్నది ప్రశ్నేనా?

పాత అటక:
మెంగ్ హావోరాన్ రాసిన 'వసంత ప్రభాతం' అమ్మా. టాంగ్ కాలం కవి, 689 నుంచి 740 దాకా ఉన్నాడు. ఊరు షియాంగ్‌యాంగ్, మీరు చదివిన హుబేయ్‌లోనే. పాదానికి ఐదు అక్షరాలు, నాలుగు పాదాలు, మొత్తం ఇరవై. ఆఖరి పాదం "హువా లువో జీ దువో షావ్". హువా అంటే పువ్వు, లువో అంటే రాలడం, జీ అంటే తెలియడం. నేను ఇలా చెప్పుకుంటాను:

వసంతపు నిద్రలో తెల్లవారిందే తెలియలేదు
ఎటు చూసినా పిట్టల కూతలు
రాత్రంతా గాలి, వాన చప్పుడు
పూలు రాలాయి, ఎన్నో తెలుసా?

నీలిసిరా:
అటక గారూ, మొదటి మూడు పాదాలూ హాయిగా ఉన్నాయి. నాలుగో పాదంలో ఆ "తెలుసా" ఎక్కడిదండీ? అవునా కాదా అని అడగడానికి మన "ఆ" లాగా చైనా భాషలో వాక్యం చివర "మా" వస్తుంది. ఇక్కడ అది లేదు. కర్త కూడా లేడు. ఎవరు ఎవరిని అడుగుతున్నట్టు? పక్క మీద నుంచి ఇంకా లేవని మనిషి తనలో తాను అనుకుంటున్న మాట అది. "ఎన్ని పూలు రాలాయో!" అంటే చాలు.

పాత అటక:
"మా" ఈనాటి వాడుక. టాంగ్ పద్యంలో దాన్ని వెతకకూడదు. అయినా మీరు "జీ"ని పూర్తిగా వదిలేశారు. ఇరవై అక్షరాల పద్యంలో ఒక అక్షరం వదిలితే ఇరవయ్యో వంతు పోయినట్టే.

నీలిసిరా:
వదల్లేదండీ, "ఓ"లో పెట్టాను. ఆ పాదానికి "ఎన్నో తెలియదు" అనే వ్యాఖ్యానం చాలాకాలంగా ఉంది. అంటే పద్యంలో "తెలుసు" అని ఉన్నా "తెలియదు" అనే చదువుతారు. "ఎన్ని రాలాయో" అన్నప్పుడు మన "ఓ"లో ఆ తెలియకపోవడం ముందే ఉంది కదా.

మూడో టోన్:
మీరిద్దరూ "జీ" పట్టుకున్నారు. కీలకం "షావ్"లో ఉందండీ. వీధిలో కూరగాయల ధర అడిగేటప్పుడు "దువో"ను ఒత్తి "షావ్"ను తేలిగ్గా వదిలేస్తారు. పద్యం చదివేటప్పుడు "షావ్"ను కూడా నిండుగా, దిగి లేచే మూడో టోన్లో పలుకుతారు. మొదటి పాదం "షియావ్"తో, రెండోది "నియావ్"తో ముగుస్తాయి. వాటికి అంత్యప్రాస ఇది. మూడూ అదే టోన్.

ఇంకో సంగతి. దువో అంటే ఎక్కువ, షావ్ అంటే తక్కువ. ఈ రెండింటినీ ఇలా నిండుగా పలికినప్పుడు ఈనాటి భాషలో "ఎన్ని" అన్న ప్రశ్న కాకుండా "కొద్దో గొప్పో" అనే అర్థం వస్తుంది. మన జంటపదంతో ఎంత చక్కగా సరిపోయిందో చూడండి! కొద్ది, గొప్ప, రెంటికీ "ఓ". పద్యంలో కూడా "పూలు కొద్దో గొప్పో రాలే ఉంటాయి" అన్న నిబ్బరమే ఉందని నా నమ్మకం. పదేళ్లుగా ఇలాగే చదువుకుంటున్నాను.

పాత అటక:
చెవికి బాగుంది కానీ ఒప్పుకోలేను. కొద్దో గొప్పో అన్న అర్థం రావాలంటే ఆ మాట క్రియకు ముందు నిలబడాలి. ఇక్కడ "తెలియడం" తర్వాత వచ్చింది. తెలిసేది, లేదా తెలియనిది, ఆ లెక్కే.

గట్టుమీది బడి:
చైనా పిల్లలకు ఆరేళ్లు ఇంగ్లీషు చెప్పాను, అందుకే ఈ చర్చ వదల్లేకపోతున్నాను. వానకోయిల గారూ, మీ విద్యార్థి ఇబ్బంది ఆ "ఓ"లోనే ఉంది. "అతను ఎలా వచ్చాడు?" అంటే ప్రశ్న. "అతను ఎలా వచ్చాడో తెలియదు" అంటే ప్రశ్న కాదు. తేడా అంతా చివరి అక్షరంలో ఉంది. ఇంగ్లీషులో ఆ పని మాటల వరుస చేస్తుంది. "హౌ డిడ్ హి కమ్?" అని అడుగుతాం, "ఐ డోంట్ నో హౌ హి కేమ్" అంటాం. చైనా భాషలో మాత్రం రెండు చోట్లా ఆ ముక్క ఒకేలా ఉంటుంది, ఏ గుర్తూ ఉండదు. ప్రశ్న అంటే 'డిడ్' పెట్టాలని మనం కష్టపడి నేర్పుతాం. వాళ్లు 'హౌ' కనిపించిన ప్రతిచోటా పెడతారు. తప్పు వాళ్లది కాదు, సగం పాఠం చెప్పి ఆపేసిన మనది.

నీలిసిరా:
మాస్టారూ, సిద్ధాంతం బంగారం లాంటిది. కానీ ఈ వాక్యానికి అది అక్కర్లేదు. "హౌ మెనీ ఫ్లవర్స్" ఇక్కడ కర్త. కర్తనే ప్రశ్నిస్తే నేరుగా అడిగినా 'డిడ్' రాదు, "హౌ మెనీ ఫ్లవర్స్ ఫెల్?" అనే అంటాం. పక్కగది అమ్మాయి వాక్యం అందుకే తప్పు కాలేదు.

గట్టుమీది బడి:
నిజమే, ఈ వాక్యం వరకు మీ మాటే సరి. మిగతా 'హౌ'లకు నా మాట నిలుస్తుంది. ఆశ్చర్యాన్ని చూడండి. "హౌ బ్యూటిఫుల్ ఈజ్ ఇట్?" అంటే ప్రశ్న. "హౌ బ్యూటిఫుల్ ఇట్ ఈజ్!" అంటే "ఎంత అందంగా ఉందో!" వరుస మారిన చోటల్లా మనకు "ఓ" వచ్చింది.

మూడో టోన్:
"ఎంత బాగుంది!" అని "ఓ" లేకుండా కూడా అంటామే? చైనా వాళ్లు ఆశ్చర్యానికి అదే "దువో" ముందు పెట్టి, చివర "ఆ" అని సాగదీస్తారు. "దువో మెయ్ ఆ!" అంటే "ఎంత అందం!" గుర్తులు బొత్తిగా లేని భాష కాదండీ అది.

ఇంకొకటి మీ సిద్ధాంతానికి అడ్డం వస్తుంది. "నీ ౘెన్‌మ లాయ్ ద?" అంటే ఎలా వచ్చావు, బస్సులోనా రైల్లోనా అని. "నీ ౘెన్‌మ లాయ్ ల?" అంటే "ఏంటి, ఇలా వచ్చావు?" అని. ద, ల, అంతే తేడా. రెండోదానికి ఇంగ్లీషులో "హౌ కమ్ యు ఆర్ హియర్?" అంటారు. నేరుగా అడిగే ప్రశ్నే, వరుస మాత్రం మారలేదు. అక్కడ మీ "ఓ" ఏది?

పాత అటక:
"జెన్‌మ" అని కాకుండా ౘ వేసినందుకు మూడో టోన్ గారికి ధన్యవాదాలు. ౘాప, ౘాలా అనేటప్పుడు పలికే ౘ అది. ఆ అక్షరాన్ని బడిపుస్తకాల్లోంచి తీసేశాం కానీ నోట్లోంచి పోలేదు.

కావేరిగట్టు:
"ఓ" గురించి ఇంతసేపు మాట్లాడుకుంటూ త్యాగయ్యను ఎవరూ తలవలేదేమిటి? "ఎందరో మహానుభావులు అందరికి వందనములు". శ్రీరాగం, పంచరత్నాల్లో ఒకటి. ఆ "ఎందరో" అంటే చాలామంది అని అందరూ చెబుతారు. నాకు మాత్రం "ఎందరున్నారో, అందరికీ" అనే వినిపిస్తుంది. ఎందరో అన్న వెంటనే అందరికీ అన్నాడు. ఎంత, అంత లాంటి జత అది. లెక్క తెలియకపోయినా ఒక్కరూ మిగలకుండా దణ్ణం చేరాలి. అలా విన్న రోజు నుంచి ఆ పల్లవి నాకు వేరే పాటైపోయింది.

నీలిసిరా:
జత అన్న మాట సరే, కానీ అక్కడ "ఎందరున్నారో" అని క్రియ లేదు. "ఎందరో" ఒక్కటే నిలబడితే "చాలామంది" అనే కదా మన వాడుక?

గట్టుమీది బడి:
ఆ జత దగ్గరా మా పిల్లలు తడబడతారు. మనం "ఎంత ఉంటే అంత తిను" అంటాం. చైనా వాళ్లు ప్రశ్నపదాన్నే రెండుసార్లు వాడి, "దువో షావ్ ఉంటే దువో షావ్ తిను" అన్నట్టు చెబుతారు. దాంతో "హౌ మచ్ యు హావ్, హౌ మచ్ యు ఈట్" అని రాస్తారు. చదివితే ఏదో సామెతలా ఉంటుంది, దిద్దడానికి మనసొప్పదు.

కావేరిగట్టు:
"ఓ" సందేహానికేనంటే పోతన గజేంద్రుణ్ణి చూడాలి. "కలడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో". మూడుసార్లు "కలడందురు" అన్నాక, ప్రాణం పోయే వేళ ఆ రెండు "ఓ"లు! "ఉన్నాడా లేడా" అని ఉంటే అది ఎవరినో అడిగినట్టు ఉండేది. మడుగులో ఒంటరిగా ఉన్నాడు, అడగడానికి ఎవరున్నారు? మెంగ్ హావోరాన్ పక్క మీద ఒంటరిగా ఉన్నాడు. నీలిసిరా గారు "ఎన్ని పూలు రాలాయో" అన్నది అందుకే నాకు నచ్చింది.

పాత అటక:
ఒంటరిగా ఉన్న కవికి తనను తాను అడుగుకునే హక్కు లేదా? దక్షిణ టాంగ్ ఆఖరి రాజు లీ యూ, సోంగ్ రాజవంశం వాళ్ల బందీగా ఉన్నప్పుడు రాసింది గుర్తు చేసుకోండి. "నీకెంత దుఃఖం ఉంటుంది?" అని అడిగి, "తూర్పుకు పారే వసంతకాలపు నది అంత" అని తానే జవాబు చెప్పుకున్నాడు. అక్కడ "జీ దువో" అని మరో "ఎంత" (ఈ "జీ" తెలియడం కాదు, వేరే అక్షరం). ప్రశ్న అంటే అది, జవాబు కోరుకుంది, దొరికింది. మెంగ్ మాత్రం అడిగి ఊరుకున్నాడు. అందుకే నా "తెలుసా"ను వదలను.

వానకోయిల:
పద్యం పేరు దొరికింది, చాలా సంతోషం. పక్కగది అమ్మాయి గొంతు మళ్లీ విన్నట్టుంది. "ఓ" కిటుకు ఈ పొద్దున క్లాసులో వాడాను. వాళ్లు తరచూ చేసే "హౌ డు యు థింక్?" కూడా ఎత్తాను. మనం "ఏమనుకుంటున్నావు" అంటాం కాబట్టి ఆ తప్పు చేయం, వాళ్లు "ౘెన్‌మ" అంటారు కాబట్టి 'హౌ' వచ్చేస్తుంది. ఏం తోచనప్పుడు "హౌ టు డు?" అంటారు. దాన్ని మాత్రం మన "ఇప్పుడెలా?"తో వెంటనే అర్థం చేసుకోగలను.

ఆ అబ్బాయి పాదాన్ని మళ్లీ రాశాడు. ఈసారి 'డిడ్' లేదు, 'డోంట్' కూడా లేదు. "ఐ నో హౌ మెనీ ఫ్లవర్స్ ఫెల్." పద్యంలో "జీ" అంటే తెలుసనే కదా, తెలియదని ఎందుకు రాయాలి అంటున్నాడు. దీన్ని దిద్దాలా, వదిలేయాలా?

మూడో టోన్:
వదిలేయండి. కొద్దో గొప్పో తెలుసు ఆయనకు, నేను మొదటి నుంచీ అదే చెబుతున్నాను.

నీలిసిరా:
అలా వదలకండి. "హూ నోస్ హౌ మెనీ ఫ్లవర్స్ ఫెల్" అని రాసి చూపించండి. తెలుసన్న మాటా ఉంటుంది, తెలియకపోవడమూ ఉంటుంది.

పాత అటక:
చివర ప్రశ్నార్థకం పెట్టాలా వద్దా, అది చెప్పండి.