అఫ్లటాక్సిన్ ఇచ్చినా చిట్టెలుకల కాలేయంలో గడ్డలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నమస్కారం. బూజు నుంచి వచ్చే విషమైన అఫ్లటాక్సిన్ బి1 కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుందని నిర్ధారణ అయినదే. అయినా, ఎదిగిన స్విస్ చిట్టెలుకలకు 90 రోజులు మేతలో కలిపి పెట్టిన తరువాత కణజాల పరీక్షలో గడ్డలేవీ కనిపించలేదు. తెప్పించిన రసాయనం శుద్ధమైనది కాదేమోనని మా గైడ్ గారు అనుమానిస్తున్నారు. మోతాదు పెంచమంటారా?

సమాధానం: దయచేసి పెంచకండి. రసాయనాన్ని అనుమానించే ముందు ఎంచుకున్న జంతువును చూడాలి. అఫ్లటాక్సిన్ నేరుగా హాని చేయదు. కాలేయంలోని ఎంజైములు దానిని ఎపాక్సైడ్ అనే చురుకైన రూపంగా మార్చినప్పుడు, ఆ ఎపాక్సైడ్ డీఎన్ఏలోని గ్వానిన్ అనే భాగానికి అతుక్కొని ఉత్పరివర్తనలకు (జన్యువులలో మార్పులకు) దారితీస్తుంది. ఎదిగిన చిట్టెలుక కాలేయంలో ఈ ఎపాక్సైడ్‌ను పట్టి గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థంతో కలిపి బయటకు పంపే ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమ్ చాలా చురుకుగా ఉంటుంది కనుక, విషం తయారైనా డీఎన్ఏ దాకా చేరేది తక్కువే. ఫిషర్ జాతి పెద్ద ఎలుకలకు ఆ రక్షణ అంతగా లేదు. కిలో మేతకు 100 మైక్రోగ్రాముల చొప్పున దీర్ఘకాలం తిన్న మగ ఎలుకలన్నింటికీ కాలేయ గడ్డలు వచ్చాయని, 15 మైక్రోగ్రాములకే కొన్నింటికి వచ్చాయని 1970ల నాటి ప్రయోగాలు చూపాయి. చిట్టెలుకలే కావాలనుకుంటే ఈ ఎంజైమ్ జన్యువును తొలగించిన జాతి ఉంది; పుట్టిన కొద్ది రోజుల పిల్లలు కూడా ఈ విషానికి సులభంగా లోనవుతాయి.

వ్యవధి కూడా సరిపోలేదు. 90 రోజుల పరీక్ష కాలేయ ఎంజైములలో, అవయవాల బరువులో వచ్చే మార్పులను చూడటానికే గాని గడ్డల కోసం కాదు. క్యాన్సర్ పరీక్షకు చిట్టెలుకలను 18 నుంచి 24 నెలల పాటు, ఒక్కో మోతాదుకు ఆడ, మగ 50 చొప్పున, విషం ఇవ్వని కంట్రోల్ గ్రూపుతో సహా ఉంచవలసి ఉంటుంది.

తిరిగి ప్రశ్న: అలాగైతే మా ఫలితాన్ని ‘విషప్రభావం లేదు’ అని రాయవచ్చా?

సమాధానం: అలా రాస్తే చదివినవారు మనుషులకూ ప్రమాదం లేదనుకుంటారు, అది నాకు నిజంగా భయం కలిగించే విషయం. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయినప్పుడు, కారణం అఫ్లటాక్సిన్ అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే తేల్చారు. అందువల్ల జాతి, వయసు, మోతాదు, వ్యవధి పేర్కొని, ‘ఈ పరిస్థితులలో గడ్డలు కనిపించలేదు’ అని మాత్రమే రాయండి. దాచి ఉంచిన కాలేయ నమూనాలు మిగిలి ఉంటే వాటిలో డీఎన్ఏకు అతుక్కున్న అఫ్లటాక్సిన్‌ను కొలిపించండి. అది కనిపిస్తే రసాయనం పనిచేసినట్టే, గైడ్ గారి అనుమానమూ తీరుతుంది. జాతిని గాని వ్యవధిని గాని మారిస్తే మీ సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి మళ్లీ తీసుకోవాలి. అఫ్లటాక్సిన్ పొడిని తూచే పని మాత్రం ఫ్యూమ్ హుడ్‌లో (గాలిని బయటకు లాగే పెట్టెలో), చేతి తొడుగులతోనే చేయండి.