గ్రీన్ డే బ్యాండ్ మొదటి ఆల్బమ్ ఏది? పందెం తేల్చండి

కొత్తబ్బాయి: "డూకీ" (1994) వాళ్ల ఫస్ట్ ఆల్బమ్ అని మా ఫ్రెండ్ బిర్యానీ పందెం కట్టాడు. నిజమేనా?

డ్రమ్స్_రవి: ఓడిపోయాడని చెప్పండి. మొదటిది "39/స్మూత్", 1990 ఏప్రిల్, లుకౌట్ రికార్డ్స్. 1989 డిసెంబర్ చివర్లో మొదలెట్టి కొత్త సంవత్సరం రెండో తారీఖుకల్లా రికార్డింగ్ అవగొట్టారు. పాడే బిల్లీ జో, బేస్ వాయించే మైక్ డర్న్ట్ ఇద్దరికీ అప్పటికి పదిహేడేళ్లే. డ్రమ్స్ జాన్ కిఫ్‌మేయర్. మొత్తం పది పాటలు.

పంక్_పంతులు: పంతొమ్మిది. సీడీ చేతిలో పట్టుకునే చెబుతున్నా.

డ్రమ్స్_రవి: అది 1991 సంకలనం గురువుగారూ, "1,039/స్మూత్డ్ ఔట్ స్లాపీ అవర్స్". ఆల్బమ్‌వి పది, రెండు ఈపీలవి (చిన్న రికార్డులు) నాలుగేసి, విడిగా ఇంకోటి.

పంక్_పంతులు: షాపులో మాకు దొరికింది అదే. మాకు అదే ఫస్ట్.

వైజాగ్_వినైల్: మళ్లీ లెక్కల క్లాసు మొదలైంది. నేను పోతున్నా.

పంక్_పంతులు: సరే, లెక్క వదిలేయండి. నన్నడిగితే "39/స్మూత్" ఒట్టి రిహార్సల్ టేపు. ట్యూన్లు బాగుంటాయి, కాదనను. కానీ డ్రమ్స్ పాట వెనకాల పరిగెడుతుంటాయి, పాటని మొయ్యవు. కొత్త డ్రమ్మర్ ట్రే కూల్ వచ్చాక చేసిన రెండో ఆల్బమ్ "కెర్‌ప్లంక్" వినండి, అదే కుర్రాళ్లు వేరే బ్యాండ్ అయిపోయారు. అందులోని "వెల్కమ్ టు ప్యారడైజ్"నే "డూకీ"లో మళ్లీ రికార్డ్ చేశారు. "39/స్మూత్" పాట ఒక్కటైనా అలా తీసుకున్నారా?

డ్రమ్స్_రవి: రిహార్సల్ టేపా?! అందులోని "గోయింగ్ టు పసలాక్వా" పాట మొదట్లో గిటార్ మీదికి డ్రమ్స్ వచ్చి పడే చోటు హెడ్‌ఫోన్స్‌లో విని, ఆ మాట మళ్లీ అనండి. "ఐ వజ్ దేర్"కి మాటలు రాసింది కూడా కిఫ్‌మేయరే. చదువుకోసం వేరే ఊరెళ్లాడు, ఈలోగా లుకౌట్ ఓనర్ బ్యాండ్‌లో వాయించే ట్రే కూల్ వచ్చి కూర్చున్నాడు. ఇది నాకు బాగా తెలిసిన కథ. సప్లీలు రాయడానికి ఊరెళ్లొచ్చేసరికి మా కాలేజీ బ్యాండ్‌లో నా సీట్లో జూనియర్ ఉన్నాడు. ఫెస్ట్ పోస్టర్‌లో నా మొహం మీద వాడి ఫొటో అంటించారు. అంచుల్లో నా జుట్టు కనిపిస్తూనే ఉంది.

బెజవాడ_బాస్: 😂 సారీ అన్నా, ఆ జుట్టు...

పంక్_పంతులు: ఇప్పుడర్థమైంది. మీ గొడవ మోయడానికి కిఫ్‌మేయర్ దొరికాడు. బ్యాండ్ బాగుపడాలంటే మనుషులు మారతారండీ.

డ్రమ్స్_రవి: మారనివ్వండి. చేసిన పని చెరిపేయొద్దంటున్నా. 2015లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి బిల్లీ జో, మైక్, ట్రే కూల్ ముగ్గురినే తీసుకున్నారు, కిఫ్‌మేయర్ పేరు లేదు. అంతకు రెండ్రోజుల ముందు క్లీవ్‌లాండ్‌లో మాత్రం "స్వీట్ చిల్డ్రన్" అనే పాత పేరుతో అతనితోనే వాయించారు. స్టేజీకి పనికొచ్చాడు, పేరుకి పనికిరాలేదు.

పంక్_పంతులు: పిలిచి స్టేజీ ఎక్కించారు కదా! మీవాళ్లు అదీ చెయ్యలేదు, అదీ మీ మంట.

మాడరేటర్: పర్సనల్ మాటలు వద్దు. ఇద్దరికీ చెబుతున్నా.

పంక్_పంతులు: ఒక్కటే అడుగుతా. ఆ జూనియర్ మీకంటే బాగా వాయించేవాడా?

డ్రమ్స్_రవి: మీకనవసరం. ఆల్బమ్‌లో పాటలు పది.