గ్లాడ్‌స్టన్ ఐర్లాండ్ బిల్లు ఓట్ల లెక్క తేలడం లేదు, ఎవరైనా చెప్పండి

రాత్రిబండి: మధ్యాహ్నం నుంచి ఇదే పని. బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ తెచ్చిన హోంరూల్ బిల్లు, అదే ఐర్లాండ్‌కి సొంత శాసనసభ ఇచ్చే బిల్లు, ఎన్ని ఓట్ల మీద పోయింది? ఒక పుస్తకంలో 343–313, ఇంకోదాంట్లో 341–311, మూడోది తీస్తే అసలు కామన్స్‌లో (పార్లమెంటు దిగువ సభలో) 301–267తో నెగ్గిందంటుంది. ఒక్క బిల్లుకి ఇన్ని లెక్కలా? రేపు పొద్దున నోట్స్ ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

చెక్కపేటి: ఏ బిల్లు?

రాత్రిబండి: హోంరూల్ బిల్లేనండీ, రాశాను కదా.

పాతరశీదు: ఓట్ల సంగతి అలా ఉంచండి. గ్లాడ్‌స్టన్ అనగానే అందరూ హోంరూల్ దగ్గరే ఆగిపోతారు గానీ ఆయన అసలు పని 1881 భూచట్టంలో ఉంది. అంతకుముందు 1870లో తెచ్చిన చట్టం, రైతుని వెళ్లగొడితే పరిహారం ఇమ్మందే గానీ శిస్తు పెంచకుండా ఆపలేకపోయింది. 1881లో రైతు కోర్టుకెక్కితే శిస్తు ఖరారు చేసి, 15 ఏళ్లు దాన్ని కదపడానికి లేదన్నారు. కాకపోతే బకాయిలున్నవాళ్లకి అందులో చోటు లేదు, నిజంగా చితికిపోయింది వాళ్లే. చట్టం వచ్చిన రెండు నెలలకే ఐరిష్ నాయకుడు పార్నెల్‌ని డబ్లిన్‌లోని కిల్‌మైనమ్ జైల్లో పెట్టారు. బకాయిల చట్టం మళ్లీ 1882లో గానీ రాలేదు.

చెక్కపేటి: శిస్తు కాదు, కౌలు. శిస్తు సర్కారుకి కట్టేది.

పాతరశీదు: జమీందారీల్లో శిస్తు ఎవరికి కట్టారండీ? జమీందారుకే కదా. మా తాతగారి రశీదుల మీద శిస్తు అనే ఉంది, కావాలంటే ఫొటో పెడతాను. ఐర్లాండ్ భూస్వామికీ మన జమీందారుకీ పోలిక ఉంది కాబట్టే ఆ మాట వాడాను.

చెక్కపేటి: ఐర్లాండ్‌లో భూమి భూస్వామి సొంతం. మన జమీందారు వసూలు చేసి సర్కారుకి పేష్కష్ కట్టేవాడు. రెండూ ఒకటెలా అవుతాయి?

రాత్రిబండి: అయ్యా, నా ఓట్లు!

చెక్కపేటి: ఏడాది చెప్పకపోతే ఇంతే. బిల్లులు రెండు. 1886 జూన్ 8 తెల్లవారుజామున రెండో పఠనంలో, అంటే బిల్లు మూలసూత్రం మీద ఓటింగ్‌లో, 341–311తో ఓడింది, ఆయన పార్టీవాళ్లే 93 మంది ఎదురు ఓటేశారు. ఓట్లు లెక్కపెట్టడానికి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు సభ్యులు నిలబడతారు, వాళ్లని మొత్తంలో కలపరు. కలిపినవాళ్లు 343–313 రాస్తారు. ఎలా చూసినా తేడా 30. మీ 301–267 ఏమో 1893 సెప్టెంబర్‌ది, మూడో పఠనం, అంటే సభలో ఆఖరి ఓటు. అది కామన్స్‌లో నెగ్గింది, వారం రోజులకే ఎగువ సభ లార్డ్స్‌లో 419–41తో కొట్టేశారు.

రాత్రిబండి: ఓ, నాకు కావలసింది 1886ది. సరిపోయింది, థ్యాంక్సండీ.

మేడమీదగది: ఇప్పుడే చూశాను. 1886 బిల్లులో ఐరిష్ సభ్యులు వెస్ట్‌మిన్‌స్టర్‌కి (లండన్ పార్లమెంటుకి) ఇక రానక్కర్లేదన్నారు, 1893లో మాత్రం 80 మందిని ఉంచారు. నోట్స్‌లో అది కూడా వేస్తే బాగుంటుందేమో?

పాతరశీదు: రశీదు ఫొటో పెట్టాను, పైన చూడండి. రెండో లైన్లో ఏముందో చదవండి.