హీలియోస్ 522: తప్పు పైలట్లదేనా, ఆ హారన్‌ది కూడానా?

కోనసీమ కుర్రాడు
2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్‌కి బయల్దేరిన హీలియోస్ 522 గురించి నిన్న రాత్రి కూర్చుని చదివాను. బోయింగ్ 737-300. అది కూలిపోయి, 121 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అంతకుముందు ఫ్లైట్‌లో వెనక తలుపు దగ్గర చప్పుళ్లు వచ్చాయని సిబ్బంది రాస్తే, గ్రౌండ్ ఇంజనీర్ గాలి బయటికి పోతోందేమోనని లీక్ చెక్ చేశాడు. చేశాక ప్రెజర్ సెలెక్టర్ (విమానం లోపలి గాలి ఒత్తిడిని నడిపించే స్విచ్) 'మాన్యువల్'లోనే ఉండిపోయింది, అంటే ఒత్తిడి దానంతటదే సర్దుకోదు. దాన్ని 'ఆటో'లో ఉందో లేదో చూడాల్సింది పైలట్లు. చెక్‌లిస్టుల్లో మూడుసార్లు అవకాశం వచ్చింది, మూడుసార్లూ చూడలేదు. ఇందులో విమానం తయారుచేసిన బోయింగ్‌ని కొందరు ఆడిపోసుకోవడం ఎందుకు?

పాత మెకానిక్
తమ్ముడూ, స్విచ్ దగ్గరే ఆగిపోయావు. అసలు గొడవ ఆ తర్వాతది. టేకాఫ్ అయిన ఐదారు నిమిషాలకి, విమానం దాదాపు 12,000 అడుగుల్లో ఉండగా హారన్ మోగింది. లోపల గాలి పలచబడుతోందని దాని అర్థం. కానీ నేల మీద ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) సరిగ్గా పెట్టకుండా టేకాఫ్‌కి పవర్ ఇస్తే మోగేది కూడా అదే హారన్. అదే శబ్దం, రవ్వంత తేడా లేదు. పైలట్ తన సర్వీసులో దాన్ని నేల మీదే విని ఉంటాడు, గాల్లో విని ఉండడు. అందుకే టేకాఫ్ వార్నింగ్ అనుకుని థ్రాటిల్ (ఇంజన్ పవర్ లివర్) వెనక్కి లాగి చూశారు, మళ్లీ ముందుకు తోశారు. కంపెనీ కంట్రోల్‌ని రేడియోలో అడిగింది కూడా టేకాఫ్ వార్నింగ్, కూలింగ్ లైట్ల (పరికరాలని చల్లబరిచే వ్యవస్థ హెచ్చరిక లైట్లు) గురించే.

రన్‌వే27
క్షమించాలి సార్, ఒప్పుకోను. టేకాఫ్ వార్నింగ్ గాల్లో మోగదు, సిస్టమే అలా కట్టారు. కాబట్టి గాల్లో ఆ హారన్‌కి ఉన్న అర్థం ఒక్కటే. ఆ సంగతి తెలియకపోతే ట్రైనింగ్ లోపం. పోనీ హారన్ వదిలేద్దాం. క్యాబిన్ లోపలి గాలి 14,000 అడుగుల ఎత్తులో ఉండేంత పలచబడగానే ప్రయాణికుల మాస్కులు వాటంతటవే కిందికి పడతాయి, కాక్‌పిట్‌లో దానికి వేరే లైటు వెలుగుతుంది. అదీ చూడలేదు.

మన దగ్గర 2018 సెప్టెంబరులో ముంబై నుంచి జైపూర్ వెళ్లే జెట్ ఎయిర్‌వేస్ 737 సంగతి గుర్తుందా? క్యాబిన్‌కి ఇంజన్ నుంచి గాలి పంపే బ్లీడ్ స్విచ్ ఆన్ చేయడం మర్చిపోయారు. ముప్పై మంది దాకా ప్రయాణికులకి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చింది. మాస్కులు పడ్డాయి, విమానం వెనక్కి తిప్పి దించారు. చెక్‌లిస్ట్ తప్పినా ప్రమాదాన్ని పోల్చుకున్నవాళ్లు బతికారు.

పాత మెకానిక్
పోల్చుకోవడానికి బుర్ర పనిచేయాలిగా రన్‌వే గారూ. ఆక్సిజన్ తగ్గితే ఊపిరాడనట్టు అనిపిస్తుందనుకుంటారు అందరూ. అలా ఉండదు. తాగినవాడికి తాను బాగానే ఉన్నానని అనిపించినట్టే ఉంటుంది. ఆ మాస్కుల లైటు వెలిగేసరికి విమానం 18,000 అడుగులు దాటింది. అప్పటికే కూలింగ్ లైట్ల గోల నడుస్తోంది, దాని బ్రేకర్లు (కరెంటు ఆపే స్విచ్‌లు) ఎక్కడున్నాయని కెప్టెన్ అడుగుతున్నాడు. ప్రెజర్ ప్యానెల్ 'ఆటో'లోనే ఉందా అని నేల మీదున్న ఇంజనీర్ రేడియోలో అడిగానన్నాడు, దానికి వచ్చిన జవాబు ఈ బ్రేకర్ల ప్రశ్నే! 28,900 అడుగుల దగ్గర ఆఖరి మాట. తర్వాత ఇంకేం వినబడలేదు.

గ్రీస్ దర్యాప్తు రిపోర్టు సిబ్బందిని వదిలిపెట్టలేదు, నిజమే. ప్రత్యక్ష కారణాల్లో ముందున్నది వాళ్లే. కానీ అదే రిపోర్టు, ఇలాంటి ఘటనలు అంతకుముందే జరిగినా తయారీదారు తీసుకున్న చర్యలు సరిపోలేదని కూడా రాసింది. 2011లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 737లకి ఈ రెండింటికీ వేరు వేరు హెచ్చరిక లైట్లు పెట్టమని ఆదేశించింది. హారన్ అంత స్పష్టంగా ఉంటే ఆ లైట్లు దేనికి?

రన్‌వే27
లైట్లు పెట్టడం మంచిదే. అంతమాత్రాన 2005లో తప్పు బోయింగ్‌దని తేలిపోదు. గాల్లో ఏ హారన్ మోగినా, అర్థం కాకపోతే ముందు ఎక్కడం ఆపాలి, మాస్కు పెట్టుకోవాలి. ఆలోచన తర్వాత. ఆ రెండు పనులకీ అప్పటికి వాళ్ల బుర్ర బాగానే పనిచేస్తోంది, ఐదారు నిమిషాలే అయింది కదా. ఈ మాటకి మీ దగ్గర జవాబు లేదు.

పాత మెకానిక్
ఆ మాట వరకు లేదు, ఒప్పుకుంటాను. హారన్ గురించి మాత్రం తగ్గను.

విశాఖ లక్ష్మి
మీరిద్దరూ కాక్‌పిట్‌లోనే ఉండిపోయారు. నన్ను వెంటాడేది తలుపు ఇవతల ఉన్నవాళ్లు. మాస్కులు పడ్డాయి, ఆ ఆక్సిజన్ వచ్చేది పన్నెండు నిమిషాలో కాస్త ఎక్కువో. ఆలోగా పైలట్ విమానాన్ని కిందికి దించుతాడన్న లెక్కతో పెట్టిన ఏర్పాటది. ఇక్కడ విమానం దిగడం మాట అటుంచి 34,000 అడుగుల దాకా ఎక్కుతూనే పోయింది. గ్రీస్ ఎఫ్-16 యుద్ధవిమానాలు పక్కకి వచ్చేసరికి కో-పైలట్ ముందుకి వాలిపోయి ఉన్నాడు, కెప్టెన్ సీటు ఖాళీ. చివర్లో క్యాబిన్ సిబ్బందిలో ఒకతను కాక్‌పిట్‌లోకి వెళ్లి కూర్చోవడం ఆ ఫైటర్ పైలట్లు చూశారు. అతను వెళ్లగానే ఇంధనం అయిపోయి ఎడమ ఇంజన్ ఆగిపోయింది. మాస్కులు పడ్డాక విమానం దిగకపోతే, తలుపు కొట్టి పైలట్లని అడిగే అధికారం మొదటి నిమిషంలోనే సిబ్బందికి ఉండాలి కదా? దీని గురించి మీ ఇద్దరిలో ఎవరూ ఒక్క ముక్క అనలేదు.

కోనసీమ కుర్రాడు
అక్కా, ఈ కోణం నేను చదివినచోట అసలు లేదు. కాక్‌పిట్ తలుపు కోడ్ క్యాబిన్ సిబ్బందిలో ఎవరెవరి దగ్గర ఉంటుంది? ఇక్కడ ఎయిర్‌లైన్‌లో పనిచేసేవాళ్లుంటే చెప్పండి, కోడ్ మాత్రం రాయకండి బాబూ.